ఊరూ పేరూ లేని పనివాడు

నేను చేసిన మ్యాపు తెరిస్తే సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. విడిగా తెరిస్తే వీధులన్నీ చక్కగా వస్తాయి. ఆసుపత్రి వాళ్ల పేజీలో పెడితే మాత్రం ఒక్క గీత కూడా రాదు. బయటి ప్రోగ్రాము ఏదైనా సరే, వాళ్లు ఒక పెట్టెలో పెట్టి తాళం వేసి, అందులోనే ఆడుకోమంటారు. కాపలా మంచిదే. అది దేన్ని ఆపుతోందో తెలియక నాకు ఒళ్లు మండుతోంది. తెలుసుకునేదాకా లేవబుద్ధీ కావట్లేదు.

ఈ మ్యాపు మా అక్క కోసం. అక్క ఆ ఆసుపత్రిలో అంబులెన్సు నడుపుతుంది. పోయిన వారం కొత్త కాలనీ సందుల్లో దారి తప్పి, ఒక పెద్దాయన ఇంటికి ఆలస్యంగా చేరింది. ఆయన బతికాడు. అక్క మాత్రం కుంగిపోయింది. ఈ సాయంత్రం బండి తాళంచెవులు ఇచ్చేసి ఉద్యోగం మానేస్తానని భీష్మించుకు కూర్చుంది. "మ్యాపు చూశాక మానెయ్ అక్కా" అని బతిమాలాను.

ఇప్పుడు ఫోన్లో ఉంది. "ఎర్రర్ దొరికిందక్కా! మ్యాపు వెనకాల ఒక వర్కర్ ఉంటాడు. వీధులన్నీ సిద్ధం చేసేది వాడే. వాణ్ణి లోపలికి రానివ్వట్లేదు" అన్నాను.

పక్కగదిలో ఉన్న పిన్ని అది విని మంచినీళ్ల గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది. "ఎవరూ లేరేమే? పాపం, ఎంతసేపని ఎండలో నిలబెట్టావు?"

నవ్వాపుకోలేకపోయాను. "మనిషి కాదు పిన్నీ, ప్రోగ్రాము! మ్యాపు తన కోసం అప్పటికప్పుడు పుట్టించుకుంటుంది."

"అప్పటికప్పుడు పుట్టాడా? ఊరూ పేరూ లేనివాణ్ణి ఎవరు రానిస్తారే?" అని ఆ నీళ్లు తనే తాగేసింది.

నేను గబుక్కున తెర వైపు తిరిగాను. వాడికి ఫైలూ లేదు, అడ్రసూ లేదు. కాపలా అడ్రసు చూసే లోపలికి పంపిస్తుంది మరి! వర్కర్‌ని విడి ఫైలుగా చేసి, పేరు పెట్టి, ఆసుపత్రి సర్వర్లో నాకిచ్చిన చోట ఉంచాను. ఆ అడ్రసు మ్యాపుకి చెప్పాను. తాళం జోలికే పోలేదు.

"అక్కా, పేజీ మళ్లీ తెరువు."

నా తెర మీద ముందు కాలువ వచ్చింది, తర్వాత పార్కు, ఆ తర్వాత సందులు. సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇదే సందు," అంది అక్క. "మందుల షాపు దాటాక కుడివైపు తిరగాల్సింది. దారి ఉందే..."

వెనకనుంచి ఎవరో అక్కని కేకేశారు. తాళంచెవుల చప్పుడు వినిపించింది. ఇచ్చేస్తోందేమోనని "అక్కా!" అని అరిచాను.

"తర్వాత మాట్లాడతానే, కేసొచ్చింది" అంది అక్క. బండి స్టార్టయింది.