సుగుణ ఒళ్లో చేట

నేను ఒక చేటను. బియ్యం చెరిగే చేట అనుకునేరు, కాదు. కోరుట్ల మేదరి మల్లయ్య నన్ను బీడీల కోసమే అల్లాడు. మొదట లింగవ్వ ఒళ్లో ఉన్నాను. ఆమె కొడుక్కి పెళ్లయ్యాక కోడలు సుగుణ ఒళ్లోకి మారాను. తునికాకు, తంబాకు, కత్తెర, దారం అన్నీ నాలోనే. మనుషులు చిత్రమైనవాళ్లు, కన్నపిల్లల్నైనా ఒళ్లోంచి దించుతారు గానీ నన్ను దించరు.

సుగుణకు ముప్పై నిండకుండానే నడుము పట్టేసింది. పొద్దున లేవగానే గంటసేపు ఒళ్లు కట్టెలా బిగుసుకునేది. నా మీదికి వంగితే మాత్రం నొప్పి కాస్త సర్దుకునేది. అందుకని ఇంకా వంగేది. నా వల్లే హాయి అని నేను మురిసిపోయాను కూడా, సిగ్గులేనిదాన్ని.

జగిత్యాల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చి అత్తతో చెప్పింది. "వెన్నుపూసలకు వాతమట అత్తమ్మా. వంగితె హాయిగనే ఉంటదట గని, వంగినకాడనే ఎన్ను బొక్కలు అతుక్కపోతయట. ఒక్క మందులతోటే తక్కువ కాదట. కుర్చీల సక్కగ కూసోని చేట బల్లమీద పెట్టుకోవాల్నట. నడుమ నడుమ లేసి నడువాల్నట."

కుర్చీ ఇంట్లోనే ఉంది. కానీ మా వాకిట్లో బీడీలు చేసే ఆడవాళ్లంతా గుండ్రంగా నేలమీదే కూర్చుంటారు. అత్త కింద, కోడలు పైనా? సుగుణ ఒక్కరోజు ధైర్యం చేసింది. లింగవ్వ తిట్టలేదు. "కూసో కూసో, దొరసానివి," అంది, అంతే. అందరూ పకపకా నవ్వారు. మర్నాడు నేను మళ్లీ ఒళ్లోకి వచ్చిపడ్డాను. నోరుంటే లబోదిబోమని మొత్తుకునేదాన్ని.

నాలుగేళ్లు గడిచాయి. సుగుణ వీపు వంగిపోయింది, మెడ కూడా పైకి లేవడం మానేసింది. దండెం మీద బట్టలు అందక ఒకరోజు వాకిట్లోనే ఏడ్చింది.

ఆ సాయంత్రమే లింగవ్వ కుర్చీ ఈడ్చుకొచ్చి కోడల్ని కూర్చోబెట్టింది. నన్ను తీసుకెళ్లి బల్లమీద పెట్టింది. సుగుణ వీపు కుర్చీకి ఆనలేదు. లింగవ్వ రెండు చేతులతో భుజాలు వెనక్కి నొక్కింది.

"వద్దత్తమ్మా, ఇరుగుతది!"

లింగవ్వ చేతులు వదిలేసి ముందుకొచ్చి నిలబడింది. "నాదే తప్పు బిడ్డా. నా మొఖం చూసి తిట్టు."

"నీ కాళ్లే కనవడుతున్నయ్."

లింగవ్వ తన మోకాళ్లు పట్టుకుని మెల్లగా కుర్చీ ముందు నేలమీద కూలబడి, తల పైకెత్తింది.

"గిప్పుడు కనవడుతున్నవ్ అత్తమ్మా," అంది సుగుణ.