మూడో పేజీ పొట్లం

పొద్దున ఏడింటికల్లా పల్లీలామె ఇంట్లో పొట్లాల పని మొదలవుతుంది. ఆమె ఇసుకలో పల్లీలు వేయిస్తుంటే, అత్తగారు గోడకి చేరగిలబడి పాత పేపర్లు చింపి పొట్లాలు చుడుతుంది. ఒక్కో పేజీ పొట్లంలో రెండేసి గింజలు వేసి, కాసేపాగి నోట్లో వేసుకుని చూస్తుంది. ఆటల పేజీకి ఢోకా లేదు. సినిమా పేజీ కాస్త వగరు. అబద్ధం అచ్చయిన కాగితంలో మాత్రం పల్లీ చేదెక్కిపోతుంది. ఇది ఊళ్లో అందరికీ తెలిసిందే. అందుకే ఎన్నికల నెలంతా బండ్లవాళ్లు తెల్లకాగితం కొనుక్కుంటారు.

ఆ బుధవారం, ముందురోజు పేపరు మూడో పేజీ గింజ కొరికిన అత్తగారు తూ అని ఉమ్మేసి, రెండు చెంబుల నీళ్లతో నోరు పుక్కిలించింది.

"ఏం రాశాడే వీడు? నా నాలుక మొద్దుబారిపోయింది."

కోడలు ఆ ముక్కలు నేలమీద పేర్చి చదివింది. ఆసుపత్రి గేటు ముందున్న పన్నెండు తోపుడు బండ్లవాళ్లు రోజూ అంబులెన్సులకి దారివ్వడం లేదట. ఇదేమిటని అడిగితే మీదపడుతున్నారట. శనివారం కౌన్సిల్లో బండ్లన్నీ ఎత్తించే తీర్మానం పెడతారట. పెద్ద డాక్టరు ఇలా అన్నాడని ఉంది, కౌన్సిలరు అలా అన్నాడని ఉంది. పన్నెండుమందిలో ఒక్కరిని అడిగిన పాపాన పోలేదు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! పదకొండేళ్లుగా ఆ గేటు పక్కన నిలబడుతోంది. సైరన్ వినబడితే చాలు, చక్రం కింద రాయి తన్నేసి బండి వెనక్కి లాగేది ఎవరు? మనిషి తక్కువైనప్పుడు స్ట్రెచర్‌కి చెయ్యేసేది ఎవరు? ఆ బండి పోతే అత్తా కోడళ్లిద్దరూ తినేదేమిటో రాశాడా ఈ మహానుభావుడు?

మూడో పేజీ పొట్లం ఒకటి కొంగున కట్టుకుని పేపరాఫీసుకి వెళ్లింది. గేటుమనిషి రేపు రమ్మన్నాడు. గురువారం వెళ్తే రెండు గంటలు నిలబెట్టి ఎడిటర్ గారి గదిలోకి పంపారు. ఆయన చదువుతున్న కాగితంలోంచి తలెత్తలేదు.

"మేం కల్పించింది ఏముందమ్మా? వాళ్లు చెప్పిందే రాశాం."

"వాళ్లు చెప్పింది రాశారు సార్. మేం చెప్పింది ఏదీ?"

"అంటే నీ తరఫున రాయమంటావా?"

"నా తరఫున వద్దు. నన్ను అడిగి రాయండి."

అని పొట్లం విప్పి బల్లమీద పెట్టింది. ఎడిటర్ గారికి ఉన్నట్టుండి పంటినొప్పి వచ్చింది. చూద్దాంలే, వెళ్లిరా అన్నాడు. ఆ చూద్దాంలే అనే మాటతో ఎందరిని ఇంటికి పంపేశాడో ఆయనకే తెలియాలి.

శుక్రవారం ఆమె పైకి పోలేదు. కింద ప్రకటనలు ఇచ్చేచోట బెంచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లకల్లా మూడో పేజీ పొట్లం ఊరికే చేతిలో పెట్టింది. ఊరికే వచ్చిందంటే వద్దనేవాళ్లెవరు! బట్టల కొట్టాయన నాలుగు గింజలు ఒక్కసారే నోట్లో వేసుకుని, పరుగున పోయి పూలకుండీలో ఉమ్మేశాడు. అదే ముఖంతో మెట్లెక్కి, తన ప్రకటన మూడో పేజీలో వేస్తే ఊరుకోనని అరిచొచ్చాడు. ఆయన వెనక చెప్పుల కొట్టాయన వెళ్లాడు.

పావుగంటలో విలేకరి దిగొచ్చాడు. అందరూ కళ్లజోడు అని పిలిచే కుర్రాడు, ఆ మూడో పేజీ రాసింది తనే. తలొంచుకుని ఆమె వెంట గేటు దగ్గరికి వచ్చాడు. పన్నెండు బండ్ల దగ్గరా నిలబడి రాసుకున్నాడు. అంబులెన్స్ డ్రైవర్లని అడిగాడు. పెద్ద డాక్టరుని మళ్లీ కదిపితే, రోజూ అన్నది కాస్త ఎక్కువైందని, నిజానికి ఒక్కసారే జరిగిందని ఆయన నీళ్లు నమిలాడు.

సాయంత్రం అచ్చుకి ముందు ప్రూఫు తీసి ఎడిటర్ గారి బల్లమీద పరిచారు. ఆమె దాన్ని ముక్కలు చేసి పొట్లాలు చుట్టింది. డాక్టరు మాటలున్న పొట్లం కమ్మగా ఉంది. డ్రైవర్లదీ అంతే. ఆమె మాటలున్న పొట్లం చేదు.

ఎడిటర్ గారు కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశావా మరి?"

"కాగితం మీది, సిరా మీది, చేదు మాత్రం నాదా?" అని గయ్యిమంది ఆమె. కళ్లజోడు మాత్రం ఆమె చెప్పగా తను రాసుకున్న ముక్క మెల్లిగా పైకి చదివాడు. "మా బండ్ల వల్ల అంబులెన్స్ ఎప్పుడూ ఒక్క క్షణం ఆగలేదు."

పోయిన వానాకాలంలో ఆమె బండి చక్రమే మురిక్కాలవ మూతలో ఇరుక్కుంది. అందరూ కలిసి లాగేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. అంబులెన్సు లోపలి ముసలాయన బతికి బయటపడ్డాడు గానీ, ఆయన కూతురు అద్దంలోంచి చూసిన చూపు ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. డాక్టరు ఒక్కసారి అన్నది అదే. బండి తనదని ఎవరూ బయటపెట్టలేదు, తనూ పెట్టలేదు.

"రాసుకో నాయనా," అని అంతా చెప్పింది.

ఎడిటర్ గారు మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "ఇది వేస్తే రేపు ముందు పోయేది మీ బండేనమ్మా."

"తెలుసు సార్. వెయ్యండి."

మళ్లీ తీసిన ప్రూఫులో పొట్లం చుట్టి ఇస్తే, పంటినొప్పి మాట ఎత్తకుండా ఆయనే తిన్నాడు. ఇంకో గింజ తీసుకున్నాడు.

శనివారం కౌన్సిల్లో ఆ పేజీ అందరి చేతుల్లోనూ ఉంది. గోడ పక్కన పసుపు గీత గీసి, దాని వెనక బండ్లు పెట్టుకోవచ్చన్నారు. పదకొండు బండ్లు నిలిచాయి. ఇరుక్కున్న బండి మాత్రం గేటు దగ్గర ఉండకూడదన్నారు. ఒక్క వానరోజుకి పదకొండేళ్లు కొట్టేశారు! ఆ రోజంతా ఆమె ఏడ్చింది, తిట్టింది, మళ్లీ ఏడ్చింది. అత్తగారు మాత్రం శనివారం మూడో పేజీని మడిచి దిండు కింద దాచుకుంది.

సోమవారం ఆమె బండి తోసుకెళ్లి సరిగ్గా పేపరాఫీసు ముందు ఆపింది. గేటుమనిషి అడ్డం రాబోతే పైనుంచి ఎడిటర్ గారు ఉండనిమ్మన్నాడు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఐదింటికి కళ్లజోడు ప్రూఫులు పట్టుకుని మెట్లు దిగుతాడు. ఆమె ఒక్కో పేజీ పొట్లం చుట్టి, రెండేసి గింజలు వేసి, కాసేపాగి నోట్లో వేసుకుంటుంది. పైన కిటికీలోంచి ఎడిటర్ గారు ఆమె ముఖమే చూస్తూ నిలబడతాడు. ఆమె తీరిగ్గా నములుతుంది. మూడో పేజీ దగ్గర మాత్రం కావాలనే ఇంకాస్త ఎక్కువసేపు నములుతుంది.