ఫ్రిజ్ మీది బెల్లు

సోమవారం పొద్దున కుక్కర్ అడుగు తోముతుండగా ఎర్ర దీపం వెలిగి బెల్లు కూసింది. సబ్బు చేతులు కడుక్కునే లోపల తెల్లది కూడా వెలిగింది. ఎర్రదంటే భర్త, తెల్లదంటే అత్తగారు. ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తేల్చుకోలేక ఆమె వంటింటి గుమ్మంలో ఒక్క క్షణం నిలబడిపోయింది. అత్తగారికి కళ్ళజోడు కావాలి, అది ఆవిడ దిండు పక్కనే ఉంది. భర్తకి కిటికీ తెర వేయాలి, ఎండ కంప్యూటర్ మీద పడుతోందట. కిటికీ ఆయన కుర్చీకి మూరెడు దూరంలో ఉంది. తెర వేసి వచ్చేసరికి పచ్చ దీపం వెలిగి ఉంది. అది కూతురు. బడికి సెలవులు మరి.

ఈ బెల్లు ఎవరో తెచ్చి ఆమె నెత్తిన పెట్టింది కాదు. తన చేతులతో తనే చేసింది. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో తెలియని వాళ్ళెవరైనా ఉంటే ఒకసారి వచ్చి ఆ ఫ్రిజ్ మీదికి చూస్తే చాలు.

పెళ్ళయ్యాక పదేళ్ళ పాటు ఆమె పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకునేది. పిల్లలు కాల్చి పాడుచేసినవన్నీ సోల్డరింగ్ చేసి మళ్ళీ పనిచేయించేది. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాడు భర్త. ఆ ఎవరో ఒకరు ఎవరని ఎవరూ అడగలేదు. ఆయన ఒకప్పుడు సరదా పుట్టి కొన్న చిన్న కంప్యూటర్ బోర్డు సొరుగులో పడి ఉండేది. అరచేతిలో ఇమిడేంతది, చవకది. తెరా కీబోర్డూ ఉండవు, కావాలంటే మనమే తగిలించుకోవాలి. దానితో పాత వీడియో గేములు ఆడుకునే యంత్రం చేస్తానని పెట్టె విప్పి, వారం తిరక్కుండానే మర్చిపోయాడు. ఒకరోజు మిక్సీ మోతలో అత్తగారి పిలుపు వినపడలేదు. ఆవిడ తనంతట తనే లేవబోయి, మంచం కోడు పట్టుకుని పడకుండా ఆగింది. ఆ భయంతోనే కోడలు ఆ సొరుగు తెరిచింది.

ఇంట్లో కంప్యూటర్ భర్త ఇంటినుంచే చేసే ఆఫీసు పనికే సరిపోతుంది కాబట్టి, కూరగాయలకని బయల్దేరి, బోర్డుని సంచిలో వేసుకుని వీధి చివరి లైబ్రరీలో కంప్యూటర్ దగ్గర కాసేపు కూర్చుని వచ్చేది. అక్కడ శనివారం మధ్యాహ్నాలు ఇలాంటి బోర్డులతో కుస్తీ పట్టే చిన్న గుంపు ఒకటి ఉంది. రిటైరైన పోస్ట్‌మాన్ పిచ్చుక గూటికి కెమెరా పెట్టి, గుడ్లు ఎప్పుడు పగులుతాయా అని చూస్తూంటాడు. దర్జీ ఒకాయన మూగపోయిన పాత రేడియో పెట్టెలో బోర్డు దూర్చి పాటలు పాడిస్తున్నాడు. నర్సు ఒకావిడ తను డ్యూటీలో ఉంటే మొక్కలకి బోర్డే నీళ్ళు పెట్టేలా చేసుకుంది. మీరు ఎవరి తాలూకు అని వాళ్ళెవరూ అడగలేదు, ఈ వైరు ఎక్కడ అతికించారు అని అడిగారు. ఆ ప్రశ్నకి ఆమెకి ఎంత సంతోషం వేసిందో చెబితే నవ్వుతారు.

అలా అత్తగారి మంచానికి ఒక మీట, ఫ్రిజ్ మీద బోర్డు, దాని పక్కన బెల్లూ తెల్ల దీపమూ వచ్చాయి. మొదటి వారం ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. రెండో వారం, మీటింగుల మధ్య కేకలేస్తే బాగుండదని భర్త తన బల్లకీ ఒకటి పెట్టమన్నాడు. నాన్నకుంటే నాకెందుకు లేదని కూతురు అలిగింది. ఆమె నవ్వుకుంటూనే రెండూ బిగించింది. చూడవచ్చిన వాళ్ళకి, మా వాడు పెట్టించాడు అని చెప్పుకునేది అత్తగారు. భర్త అయితే ఆఫీసు స్నేహితుల ముందు మీట నొక్కి, ఆమె వంటింట్లోంచి రాగానే గడియారం చూసి, "ఇరవై సెకన్లు" అన్నాడు. అందరూ నవ్వారు. మర్యాదకి ఆమె కూడా నవ్వింది. తన ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎవరు ఎప్పుడు నొక్కారో బోర్డు రాసిపెట్టేలా ఆమె మొదట్లోనే ఏర్పాటు చేసింది. పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి చేసి, ఆ సంగతే మర్చిపోయింది. ఆ సోమవారం కూతురికి నీళ్ళ సీసా అందించి వచ్చాక, ఎందుకో ఆ లెక్కని ఫోన్‌లో తెరిచి చూసింది. ముందురోజు ఆదివారం నూట పద్నాలుగు సార్లు అని ఉంది. ఆమెకి నమ్మకం కుదరలేదు. చవక మీటలకి ఒక జబ్బుంది, ఒక్కసారి నొక్కితే లోపలి రేకు అదిరి రెండు మూడు సార్లు నొక్కినట్టు చూపిస్తుంది. అదే అయ్యుంటుందనుకుని మీటలు విప్పి తుడిచింది, ప్రోగ్రామ్ వరసవరసా వెతికింది. మంగళవారమంతా పిలుపు వచ్చినప్పుడల్లా క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో గీత గీసింది. పొద్దుగూకేసరికి ఆమె గీతలూ బోర్డు లెక్కా సరిగ్గా కలిశాయి. ప్రోగ్రామ్‌లో ఏ తప్పూ లేదు. ఒక మనిషిని రోజుకి అన్నిసార్లు ఎవరూ పిలవరని ఆమె అనుకుంది చూడండి, తప్పు అక్కడుంది.

అప్పటినుంచి కాలు గాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతూనే ఉంది. కడిగిన గిన్నె మళ్ళీ కడిగింది. కూర్చుంటే మోగుతుందని నిలబడింది, నిలబడితే దేనికి నిలబడ్డానా అని మళ్ళీ కూర్చుంది. మోగనప్పుడు కూడా చెవి అటే ఉంటోంది. ఆమెకి భయం వేసింది. ల్యాబ్‌లో ఉన్నప్పుడు తనకి ఒక ఆలోచన మొదలైతే దాని చివరి దాకా వెళ్ళేది. ఇప్పుడు ఏ ఆలోచననీ సగం దాటనివ్వకుండా ఎవరో ఒకరికి దువ్వెన కావాలి.

బుధవారం లైబ్రరీ ఆవిడ ఫోన్ చేసింది. శనివారం గుంపుని నడిపే లెక్చరర్ వేరే ఊరు వెళ్ళిపోయాడట, కొత్తవాళ్ళు ఎనిమిది మంది చేరారట, ఇకమీదట మీరు నేర్పుతారా, శుక్రవారానికల్లా చెప్పండి అంది. అన్నాల దగ్గర ఆమె ఆ మాట కదిపింది.

"శనివారం అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు భర్త.

"మీకు సెలవేగా. ఇంట్లోనే ఉంటారు."

"ఉంటాను. కానీ సెలవంటే సెలవు కదా."

వచ్చేవాళ్ళంతా చదువుకున్న మగవాళ్ళే అయ్యుంటారు, వాళ్ళకి నువ్వేం చెప్తావమ్మా అని అత్తగారు జాలిపడింది. అసలు బోర్డు నాది, నేర్పితే నేను నేర్పాలి అని భర్త హాస్యమాడాడు. ఆమెకి కోపం వచ్చింది, కానీ అది నోటి దాకా వచ్చేలోపే పెరుగు గిన్నె ఎవరో అటు జరపమన్నారు.

గురువారం కూతురి స్నేహితురాలు వచ్చింది. గదిలోంచి మాటలు వినిపిస్తున్నాయి. "మా అమ్మకి స్విచ్ ఉంది, చూస్తావా?" అంది కూతురు. పచ్చ దీపం వెలిగింది. ఆమె వెళ్ళింది. వాళ్ళకేమీ అక్కర్లేదు, చూపించడానికే నొక్కింది. ఆ రెండో పిల్ల నోరు తెరుచుకుని చూసి, నేనూ మా అమ్మకి పెట్టిస్తా అంది. ఈ పిల్లలిద్దరూ రేపు పెద్దవాళ్ళయి, ఏదో ఒక ఇంట్లో ఏదో ఒక వైరుకి ఈ చివరో ఆ చివరో ఉంటారు. నేర్పింది మాత్రం తను.

అక్కడికక్కడే స్క్రూడ్రైవర్ తెచ్చి కూతురి మీట ఊడదీసింది. పాడైందా అమ్మా అని అడిగింది పిల్ల. లేదు, కావాల్సింది లేచి తెచ్చుకో అని చెప్పి, వంటింట్లోకి వచ్చి లైబ్రరీకి ఫోన్ చేసి వస్తానంది. శుక్రవారం ఒక గంట సేపు ప్రోగ్రామ్ ముందు కూర్చుంది. సంచిలోంచి ఇంకో చిన్న బెల్లు తీసి, భర్త బల్ల కింద బిగించింది.

శనివారం వెళ్ళబోతూ భర్తకి అంతా వివరంగా చెప్పింది. ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆట చూస్తూ, ఊఁ అన్నాడు. లైబ్రరీలో ఎనిమిది మందీ బల్ల చుట్టూ కూర్చున్నారు. మొట్టమొదట ఒక దీపం ఎలా వెలిగించాలో చూపిస్తుండగా ఆమె ఫోన్ మోగింది.

"బెల్లు పాడైనట్టుంది. అమ్మ నొక్కుతుంటే నా బల్ల దగ్గర మోగుతోంది" అన్నాడు భర్త.

"పాడవలేదు. నేనే అటు తిప్పాను. అత్తయ్యకి ఏం కావాలో లేచి వెళ్ళి అడగండి."

"మరి నాకేమైనా కావాలంటే? నేను నొక్కితే ఎవరికి మోగుతుంది?"

"మీకే" అంది ఆమె.