మరగబెట్టిన సీసా

సోనీపత్ దగ్గరి జ్యూస్ ఫ్యాక్టరీవాళ్లు పారబోసే ఆపిల్ పిప్పిని తెచ్చి, పెరుగు తోడుకునేలా చేసే జాతి బ్యాక్టీరియాతో పులియబెట్టి, కడుపుకు మేలుచేసే పానీయం తయారుచేయడం ఛాయాదేవి పరిశోధన. ఢిల్లీలో ధౌలా కువాన్ కాలేజీలో పాఠాలయ్యాక ఆవిడ పొద్దంతా దానికే సరిపోయేది. సీసాలో ఆ జీవులు చావకుండా నిలిస్తే చాలని ఏళ్ల తరబడి ఒకటే తపన. జనక్‌పురిలో ఇంటి ఫ్రిజ్ నిండా కూడా అవే సీసాలు.

భర్త గోవిందరాజులుకు క్యాన్సరని తేలి కీమో మొదలయ్యాక, వాటిని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పింది.

"ఇప్పుడు మీ ఒంట్లో తట్టుకునే శక్తి లేదండీ. మంచి బ్యాక్టీరియా అయినా సరే, బతికున్నది లోపలికి పోకూడదు."

"ఏం తిన్నా మట్టి తిన్నట్టుందే ఛాయా. నాలిక్కి కాస్త పులుపు తగిలితే ప్రాణం లేచొస్తుంది," అన్నాడాయన. ఆవిడ ఒప్పుకోలేదు.

వారం తిరక్కుండానే ఆయనకు వణుకుతో జ్వరం వచ్చింది. ఆస్పత్రికి బయల్దేరుతుంటే కూతురు ఇషిత గుమ్మంలో అడ్డం నిలబడి ఏడ్చేసింది.

"మమ్మీ, పాపా నే మాంగా థా. మైనే దే దియా. ఆప్ హీ నే తో బనాయా హై..."

నాన్న అడిగితే ఇచ్చిందట. అమ్మ చేసిందే కదా అనుకుందట. ఛాయాదేవి కూతుర్ని కేకలేయబోయి ఆగింది. ఆ సీసాలు ఇంట్లో ఉంచిందెవరు?

ఆస్పత్రిలో డాక్టరుకు అంతా చెప్పేసింది. "ఆయన తాగిన పానీయంలో ఉన్నది లాక్టోబాసిల్లస్, డాక్టర్. రక్తపరీక్షలో కనిపిస్తే, బయటినుంచి అంటుకుందేమోనని ల్యాబ్‌లో తీసిపారేస్తారు. దయచేసి వాళ్లకు చెప్పండి."

తన బ్యాక్టీరియా దొరక్కూడదని కోరుకుంటూ ఆవిడ రిపోర్టు కోసం కాచుక్కూర్చోవడం అదే మొదటిసారి.

దొరకలేదు. "ఆప్‌కా వాలా నహీ హై. యే కుఛ్ ఔర్ హై," అన్నాడు డాక్టరు. రక్తంలో పెరిగింది వేరే రకం. మందులకు జ్వరం మెల్లగా దిగింది. ఛాయాదేవి గుండె బరువు మాత్రం దిగలేదు. ఈసారి కాదు, అంతేగా!

ఇంటికొచ్చాక ఆయన మళ్లీ ఆ పానీయమే అడిగాడు, చిన్నపిల్లాడిలా. ఫోన్ చేస్తే, మరగబెట్టి ఇవ్వొచ్చన్నాడు డాక్టరు. ఆవిడ సీసా మూత తీసి గిన్నెలో వంచి స్టవ్ మీద పెట్టింది. పొంగు వచ్చినా దించలేదు.

"సబ్ మర్ గయే?" పక్కనే నిలబడ్డ ఇషిత చిన్నగా అడిగింది.

"అన్నీ చచ్చాయి. చల్లారనీ, నాన్నకిద్దాం."

ఆయన రెండు గుక్కలు తాగి కళ్లు మూసుకున్నాడు. బావుందో లేదో అడగకుండా, ఛాయాదేవి ఆయన నుదుటి మీద చెయ్యివేసి చూసింది.