బోడగుండు మీది ఇల్లు

దసరా దాటిందంటే సాయన్న ఉలీ సుత్తీ పట్టుకొని మెట్లు దిగేవాడు. అన్నిటికంటే కింది మెట్టుకూ నేలకూ మధ్య, ఆ వానాకాలంలో కొత్తగా బయటపడిన రాయి మీద, ఇంకొక మెట్టు కొట్టేవాడు. రుద్రూర్ దగ్గరి ఆ ఊళ్ళో అది అందరికీ తెలిసిన పనే. సాయన్న ఇల్లు బోడగుండు అనే పెద్ద బండరాయి మీద ఉంది. బోడగుండు ఏటా వానలకు ఒక మెట్టు ఎత్తు లేస్తుంది. కొందరి ఇళ్ళకు ఏటా సున్నం వేయాలి, కొందరి ఇళ్ళకు ఏటా పెంకులు సర్దాలి. సాయన్న ఇంటికి మెట్టు కొట్టాలి, అంతే.

వాళ్ళ తాత కట్టిన నాడు ఆ ఇంటి గడప వీధితో సమానంగా ఉండేదట. ఇప్పుడు గడప మీద నిలబడితే చెరుకు తోటలన్నీ దాటి, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించేది. గుండు నున్నటి వీపు మీద ఆరబోసిన పసుపు ఊళ్ళో అందరి పసుపు కంటే ముందు ఎండేది. గాలి కమ్మగా ఉండేది. లేనిదల్లా నీళ్ళు. బావి కింద ఉంది.

ఆ నీళ్ళు మోసేది కోడలు రేణుకమ్మ. భీమ్‌గల్ పిల్ల. నవ్వితే వీధి చివరిదాకా వినిపించేది, కోపం వచ్చినా అంతే. ఇప్పుడామె కడుపుతో ఉంది.

"మామా, నువ్వు ఏటా మెట్టు కొడుతున్నవు. ఎక్కేది నేను," అంది ఒకనాడు బిందె దించి. "ఇగ సూడు. పురుటికి అవ్వగారింటికి పోత గదా. నువ్వు ఇల్లు కిందికి దించితేనే మల్ల వస్త. లేకుంటే పిల్లను గాడనే పెంచుకుంట."

"ఇల్లు దించుడేంది? నేను గీ రాయి మీదనే పుట్టిన!"

"నువ్వు పుట్టిన్నాడు గిన్ని మెట్లు యాడియి?"

కొడుకు ఎర్రన్న ఫక్కున నవ్వి, తండ్రి ముఖం చూసి, ఎడ్లకు గడ్డి వేసే పని గుర్తొచ్చినట్టు బయటికి జారుకున్నాడు.

సాయన్న మొండివాడని ఊరంతా అనేది, ఆయనా అనుకునేవాడు. కాని ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు. పుట్టబోయే బిడ్డ భీమ్‌గల్ వీధుల్లో నడక నేర్చుకుంటుందన్న మాట ఆయన గొంతు దిగలేదు.

కార్తీకంలో రాళ్ళను పరీక్షించే ఆఫీసరు రామ్‌దాస్ హైదరాబాద్ నుంచి జీపులో వచ్చాడు. మెట్లన్నీ ఎక్కి, గుండును చిన్న సుత్తితో అక్కడా ఇక్కడా కొట్టి, చెవి ఆనించి విని, చివరికి అలసిపోయి గడప మీద కూర్చున్నాడు. లోపల రేణుకమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది.

"పెద్దాయనా, ఈ గుండు కథ చాలా పాతది," అన్నాడు. "చెట్టూ పిట్టా ఇంకా పుట్టని కాలంలో భూమి రెండు పక్కల నుంచీ ఒత్తుకుంది. ఆ ఒత్తిడికి, వేడికి అడుగున రాయి కరిగి పైకి ఉబ్బింది. అదిగో, అట్లా."

పెనం మీద రొట్టె పొంగింది.

"కాని పైదాకా రాలేకపోయింది. నెత్తి మీద కొండలంత మన్నూ రాయీ ఉండేవి. వాటి కిందే చల్లారి గట్టిపడింది. ఆ తర్వాత ఎన్ని యుగాల వానలో పైనున్నదంతా కడిగి గోదావరి పాలు చేశాయి. బరువు తగ్గేకొద్దీ ఈ రాయి ఒళ్ళు విరుచుకుంటుంది. లేస్తుంది. ఉల్లిగడ్డ లాగా పైపొర విడుస్తుంది."

"అన్ని గుండ్లూ గిట్లనే లేస్తయా సారూ?"

"లేస్తాయి. కాని ఒక మెట్టంత లేవడానికి వేల ఏండ్లు పడుతుంది. మీది కొంచెం తొందర ఎక్కువున్న రాయి," అని రామ్‌దాస్ ఇంకొక రొట్టె అందుకున్నాడు.

సాయన్న గడ్డం గోక్కున్నాడు. "నెత్తి మీది బరువు పోయినందుకు లేస్తున్నదంటవు. మల్ల బరువు పెడితే?"

రామ్‌దాస్ నమలడం ఆపి ఆలోచించాడు. "కూర్చోవాలి మరి. కాని కొండంత బరువు మీకు ఎక్కడ దొరుకుతుంది?"

సాయన్న కింద పచ్చగా ఊగుతున్న చెరుకు తోటలను చూశాడు.

చెరుకు కోతలు మొదలయ్యాక ఏ ఊరి బండ్లయినా బోధన్‌లో ఫ్యాక్టరీ గేటు ముందు వరుస కట్టి, దుమ్ములో పడిగాపులు పడేవి. సాయన్న ఇంటింటికీ తిరిగాడు. "గాడ దుమ్ములో నిలవడుడు ఎందుకు? వరుస తగ్గేదాక నా గుండు మీద నిలువుండ్రి. సల్లటి గాలి. చాయ్ నాది," అన్నాడు. చాయ్ అనగానే ఎవరూ కాదనలేదు.

గుండు వెనక వైపు పొడుగాటి వాలు ఉంది. ఆ వాలు మీదుగా చెరుకు బండ్లు ఒక్కొక్కటే ఎక్కసాగాయి. ఎడ్ల గిట్టల చప్పుడుకు గుండు డోలులా మోగింది. సగం బండ్లు ఎక్కేసరికి రాయి మెల్లగా, కడుపు నిండా తిన్న మనిషి గోడకు ఒరిగినట్టు, కిందికి దిగడం మొదలుపెట్టింది. మెట్లు ఒక్కొక్కటే నేలలోకి పోయాయి. చివరికి రెండు మెట్లు మాత్రం మిగలగా గుండు ఆగిపోయింది.

"ఇంక బండ్లు లేవు బాపూ," అన్నాడు ఎర్రన్న.

"బండ్లు లేకుంటేంది? మేం లేమా?" అంది పక్కింటి పెంటవ్వ. కొంగు బిగించి వచ్చి గుండు నడుమ చతికిలబడింది. గుండు ఒక మెట్టు దిగింది.

"ఓ పెంటవ్వా! నీ బరువు ఫ్యాక్టరీల తూకం వేయియ్యి, బోనస్ ఇస్తరు!" అని ఎవరో అరిచారు.

"ముందుగాల నీ మొగమసొంటి ఎండు చెరుకు కొంటరో లేదో అడుగురా!"

నవ్వుకుంటూ ఊరంతా ఎక్కింది. ఆఖరి మెట్టు కూడా నేలలోకి పోయింది. సాయన్న ఇంటి గడప, తాత నాటి మాదిరిగా, వీధితో సమానమైంది. దారిన పోయే బర్రె ఒకటి నేరుగా లోపలికి వచ్చి కుడితి కోసం చూసింది. రేణుకమ్మ బిందె చంకన పెట్టుకొని గడప దాటి, ఒక్క మెట్టూ దిగకుండా బావికి నడిచి, నీళ్ళు తెచ్చుకొని, మళ్ళీ ఇంకొకసారి ఊరికే పోయి వచ్చింది.

ఆమె పొట్ట చూసి పెంటవ్వ అంది: "పెద్ద గుండు దిగింది. ఇగ చిన్న గుండు దిగాలె."

సాయంత్రానికి జనం ఇళ్ళకు పోతే రెండు మెట్లు మళ్ళీ తేలాయి. మిగిలిన సంబరమూ ఎక్కువ రోజులు నిలవలేదు. బోధన్‌లో వరుస తగ్గిందని కబురు వచ్చింది. కోసిన చెరుకు ఆగదు. బండ్లు దిగడం మొదలైంది, ఒక్కొక్క బండికీ గుండు కొంచెం కొంచెం లేచింది. రేణుకమ్మ గడపలో నిలబడి, వీధి తన కాళ్ళ కిందినుంచి దూరం పోవడం చూసింది. బట్టలు మూట కట్టుకుంది.

చివరికి మిగిలింది ఎర్రన్న బండి. అందులోనే ఆమె ప్రయాణం. బోధన్ బస్టాండులో ఆమె అన్న ఎదురుచూస్తుంటాడు. చెరుకాకు మెత్తగా పరిచి, ఎర్రన్న ఆమెను ముందు కూర్చోబెట్టాడు.

సాయన్న దగ్గరికి వచ్చాడు. ఉలీ సుత్తీ ఆయన చేతుల్లో లేవు. "బిడ్డా, నువ్వు వచ్చేసరికి కింద ఇల్లు కడత. బావి పక్కనే. నా మాట నమ్ము."

రేణుకమ్మ కళ్ళు పెద్దవి చేసి చూసింది. మామ ఓడిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూస్తే ఆమెకు సంతోషం కలగలేదు.

బండి వాలు దిగి, చుట్టూ తిరిగి, మెట్ల ముందున్న బాట మీదికి వచ్చింది. ఆఖరి బరువు పోయిన బోడగుండు ఒక్కసారి గట్టిగా నిట్టూర్చింది. ఊళ్ళో కుండలన్నీ గలగలమన్నాయి. గుండు అంతకుముందు కంటే ఒక మెట్టు ఎక్కువే లేచింది. దాని నెత్తి మీద, సాయన్న గడప ముందర, పైపొర ఉల్లిపొర లాగా చిట్లి పక్కకు జరిగింది.

ఆ పగులులోంచి నీళ్ళు వచ్చాయి. ముందు సన్నగా, తర్వాత చెంబు వంచినట్టు, తర్వాత బిందె వంచినట్టు. సాయన్న, ఆయన తండ్రి, తాత కొట్టిన మెట్లన్నిటి మీదుగా గంతులేస్తూ దిగి, బండి చక్రాలను తడిపాయి. ఎడ్లు తల వంచి తాగసాగాయి.

రేణుకమ్మ దిగి దోసిలి పట్టింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, తియ్యగా ఉన్నాయి. పెంటవ్వ అప్పటికే బిందె తీసుకొని రొప్పుతూ మెట్లు ఎక్కుతోంది.

"అత్తా, పైలం! ఎక్కుడు ఎట్లుంటదో ఇప్పుడు తెలుస్తది!" అని కేకేసి, వీధి చివరిదాకా వినిపించేటట్టు నవ్వింది రేణుకమ్మ. తర్వాత తలెత్తి చూసింది. పైన గడప ముందు సాయన్న మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, చిన్నపిల్లవాడిలా చేతులాడిస్తున్నాడు.

"మామా!" అని పిలిచింది. "కింద ఇల్లు గిల్లు ఏం కట్టకు. కొత్తగ లేసిన రాయికి మెట్టు కొట్టు. జర ఎడల్పుగ కొట్టు, పిల్లనెత్తుకొని ఎక్కాలె."

ఎర్రన్న ఎడ్లను అదిలించాడు. బండి బోధన్ బాట పట్టింది. ఊరు దాటేలోపలే వెనకనుంచి రాయి మీద ఉలి చప్పుడు వినిపించింది.