గుడ్లు కడిగిన బల్ల

ఆర్డిస్ ముందుగది కొలవడం అది నాలుగోసారి. టేపు ఒక కొసను సోఫా కాలికింద తొక్కిపెట్టి, రెండో కొసను కిటికీదాకా లాగి, అంకె చూసి, నమ్మకం చాలక మళ్లీ చూసింది. పన్నెండు అడుగులు. నిన్నా పన్నెండే, మొన్నా పన్నెండే. కొలుస్తున్నంతసేపూ మనసు కాస్త కుదురుగా ఉంటోంది, అందుకని కొలుస్తోంది.

"ఇంకొక్కసారి కొలువు. ఆ గోడే సిగ్గుపడి వెనక్కి జరుగుతుంది," అంది మార్లిస్, వంటింటి గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతూ. మార్లిస్ ఆమె అన్న ఆరిన్ భార్య. ఆరిన్ పోయి తొమ్మిదేళ్లయినా, ప్రతి ఆదివారం రెండింటికల్లా వచ్చి కూర్చోవడం మాత్రం ఆమె మానలేదు.

"నవ్వు, వదినా, నవ్వు. బల్ల ఇక్కడ పట్టకపోతే మళ్లీ కిందికే పోవాలి. డ్వేన్ ఆ మెట్లు దిగలేడు."

ఆదివారం ఆట ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ ఇంటి నేలమాళిగలో, ఒక పాత పింగ్‌పాంగ్ బల్లమీద సాగుతోంది. కథ నడిపేది ఆర్డిస్. తక్కినవాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి అయిపోయి, వంతెన దాటాలో, దొంగలతో బేరమాడాలో చెబుతారు. కత్తి తగిలిందా, గురి తప్పిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఎవరి మనిషికి వాళ్ల వేలెడంత సీసపు బొమ్మ ఉంటుంది. ఒకరి బొమ్మను మరొకరు ముట్టుకోకూడదన్నది మొదటిరోజే పెట్టుకున్న నియమం. కుర్రతనంలో దానిమీద కొట్టుకున్నంత పని చేశారు కూడా.

ఇంకొక నియమం ఆర్డిస్ ఒక్కతే పెట్టింది. ఆట మానేసినవాళ్ల మనిషిని ఆమె కథలో చంపదు. బాతుల సత్రానికి పంపిస్తుంది. అక్కడ పొయ్యిమీద ఎప్పుడూ పులుసు మరుగుతూ ఉంటుంది, ఎవరినీ ఖాళీ చెయ్యమనరు. తమ మనిషి వివరాలు రాసుకుని, వెళ్లేటప్పుడు వాళ్లు వదిలిపోయిన కాగితాలు బిస్కెట్ల రేకు డబ్బాలో ఆమె మంచంకింద ఉంటాయి. పదకొండు కాగితాలు. ఒకడు ఎండకోసం అరిజోనా పోయాడు. ఒకామె పెళ్లి చేసుకుని డులూత్ వెళ్లిపోయింది. ఒకడు ఏదో మాటకు అలిగి, తలుపు దడాలున వేసి పోయాడు, మళ్లీ రాలేదు. ఆరిన్ కాగితం అన్నిటికన్నా అడుగున ఉంది. డబ్బా తెరవాల్సి వచ్చిన ప్రతిసారీ ఆర్డిస్‌కు వారంరోజులు నిద్ర సరిగ్గా పట్టదు.

ఇంకా ఆడేవాళ్లు మార్లిస్, డ్వేన్ ఇద్దరే మిగిలారు. ఇప్పుడు డ్వేన్. జనవరిలో పాలకేంద్రం ముందు మంచుమీద జారిపడ్డాడు. తుంటికి ఆపరేషన్ అయింది. ఎవరడిగినా "అంత చెడ్డగా ఏం లేదు" అనేవాడు. కాలు తెగిపడ్డా ఆ ఊళ్లో జవాబు అదే. మార్చిలో ఒక్కొక్క మెట్టే దిగుతూ తిరిగి వచ్చాడు. పోయిన ఆదివారం ఆట అయ్యాక, కోట్లు తొడుక్కుని గుమ్మంలో అరగంట నిలబడి చెప్పుకునే కబుర్ల మధ్యలో, టోపీ సవరించుకుంటూ అన్నాడు: "మన బ్రామ్ ముసలివాడైపోయాడు, ఆర్డిస్. మీ సత్రంలో ఒక గది ఖాళీ ఉందేమో చూడు."

బ్రామ్ అంటే డ్వేన్ ఆడే అడవి కాపరి. మార్లిస్ నవ్వింది. ఆర్డిస్‌కు మాత్రం అది వేళాకోళంలా వినబడలేదు. ఆ రాత్రే నిర్ణయించుకుంది: ఆటను పైకి తేవాలి, మంచి బల్ల కొనాలి. ఎలాంటి బల్లంటే, దాన్ని వదిలి పోవడానికి ఎవరికీ మనసొప్పకూడదు.

బల్ల మోయడానికి ట్రక్కు కావాలి, ట్రక్కు ఉన్నది డ్వేన్‌కే. ముగ్గురూ ముందు సీటులోనే ఇరుక్కుని వడ్రంగి ట్వైలా కొట్టానికి బయల్దేరారు. చెరువుమీద మంచు అంచుల్లో కరిగి నల్లబడుతోంది. డ్వేన్ కోటు లోపలి జేబులోంచి ఒక తెల్ల కవరు మూల బయటికి కనబడుతోంది. ఆర్డిస్ దాన్ని చూసి, ఏమిటని అడగలేక, దారిపొడుగునా గోధుమ పొలాల గురించి మాట్లాడింది.

ట్వైలా ఒకప్పటి ఆవుల కొట్టంలో పని చేస్తుంది. జుట్టునిండా రంపపు పొట్టు. "మొదట ఈ గుండ్రటి బల్ల చూడండి," అంది. మార్లిస్ కూర్చుంది, మధ్యలో ఉన్న లావాటి కాలికి మోకాలు కొట్టుకుని లేచింది.

"ఇది బల్ల కాదు, ఉచ్చు," అంది.

"అయితే ఇది చూడండి."

అది చూడగానే ఆర్డిస్ దగ్గరికి నడిచి, దానిమీద అరచెయ్యి వేసింది. ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. మధ్యభాగం పల్లంగా ఉండి, అడుగున ఆకుపచ్చటి దళసరి గుడ్డ పరిచి ఉంది. పాచిక ఎంత విసిరినా బయట పడదు. చుట్టూ జానెడు వెడల్పున నున్నటి అంచు, అందులో కప్పులకు గుంటలు. ఆర్డిస్ టేపు తీసింది. కథ జరిగే లోకాన్ని గడులతో గీసిన పటం పడుతుంది. పుస్తకాలు పడతాయి. జున్నుముక్కల గిన్నె పడుతుంది. మోచేతులకు తలా రెండడుగుల చోటు.

"దీనిమీద పెళ్లి కూడా చెయ్యొచ్చు," అంది మార్లిస్.

"బాగుంది," అన్నాడు డ్వేన్. "చాలా బాగుంది, ఆర్డిస్." ఆ మాట అతను గుమ్మంలో నిలబడి సెలవు తీసుకుంటున్నట్టు చెప్పాడు.

"ఊరికే చూస్తే తెలియదు, ఆడి చూడాలి," అంది ఆర్డిస్. చేతిసంచిలోంచి బొమ్మలు తీసి పల్లంలో పేర్చింది. ట్వైలా మూడు కుర్చీలు లాగింది. "కోట ముందున్నారు. తలుపు మూసి ఉంది. లోపల ఎవరో దగ్గుతున్నారు. బ్రామ్ ఏం చేస్తాడు?"

"తలుపు దగ్గరికి పోయి వింటాడు," అన్నాడు డ్వేన్.

అతని చెయ్యి అంచుదాకా వచ్చి ఆగింది. బ్రామ్ బొమ్మ ఇంకా రెండడుగుల అవతల ఉంది. మామూలు మనిషైతే సగం లేచి, ముందుకు వాలి అందుకుంటాడు. డ్వేన్ తుంటి వంగదు. అతను నోరు తెరిచేలోపే మార్లిస్ చెయ్యి చటుక్కున వచ్చి, బ్రామ్‌ని ఎత్తి, తలుపు ముందు పెట్టేసింది. "ఇదిగో, పెట్టాను."

"సరే, నీ ఇష్టం," అన్నాడు డ్వేన్. చెయ్యి వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఆర్డిస్ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. మార్చి నుంచీ అంతే కదా. నేలమాళిగలోనూ మార్లిస్ జరిపేది, లేదా తనే జరిపేది, ప్రేమకొద్దీ, అతను అడగకుండానే. ముప్ఫై ఎనిమిదేళ్ల నియమం ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. మెట్లని తిట్టుకుంటూ కూర్చుంది తను. పటం కొలిచింది, గది కొలిచింది, గిన్నె కొలిచింది. ఆ మనిషి చెయ్యి కొలవలేదు.

"ట్వైలా, నీ దగ్గర అన్నిటికన్నా ఇరుకు బల్ల ఏది?"

"ఇరుకా?" ట్వైలా తల గోక్కుని, గోడవారగా రంగు డబ్బాలు పెట్టుకున్న ఒక బల్ల చూపించింది. "అదా? అమ్మేది కాదది. మా అమ్మ గుడ్లు కడిగిన బల్ల. రెండున్నర అడుగుల వెడల్పుంటుందేమో."

"అది కావాలి."

"నీకేమైనా పిచ్చా?" అంది మార్లిస్. "ఇంత రాజుగారి బల్ల పెట్టుకుని!"

"అది నా గదిలో పట్టదు."

"పన్నెండడుగులు! నాలుగుసార్లు కొలిచావు, నాలుగోసారి నా కళ్లముందే!"

"తప్పు కొలిచాను," అంది ఆర్డిస్.

డ్వేన్ ఆమెవైపు చూశాడు. "నీ పటం దానిమీద పట్టదు కదా," అన్నాడు మెల్లగా.

"సగానికి కోస్తాను. ఆ లోకం మరీ పెద్దదైపోయింది. నడవలేక చస్తున్నారు అందరూ."

ట్వైలా సరేనంటే, డ్వేన్ ఆ బల్ల దగ్గరికి నడిచాడు. రంగు డబ్బాలు ఒక్కొక్కటే దింపడం మొదలుపెట్టాడు.

ఆదివారం రెండింటికి ముగ్గురూ ముందుగదిలో కూర్చున్నారు. మోకాళ్లు మోకాళ్లకు తగులుతున్నాయి. కాఫీ కప్పులు కిటికీ గట్టుమీదికి, జున్నుముక్కల గిన్నె మార్లిస్ ఒళ్లోకి చేరాయి. ఇంటి నేల ఒకవైపు వాలు కావడంతో, ఎవరు మోచెయ్యి ఆనించినా బల్ల ఊగుతోంది.

"ఇది బల్ల కాదు, పడవ," అంది మార్లిస్.

డ్వేన్ కోటు జేబులోంచి తెల్ల కవరు తీశాడు. రేకు డబ్బా మంచంకింద ఏ మూలనుందో ఆర్డిస్‌కు గుర్తొచ్చింది. అతను కవరు చింపి, లోపలున్న బ్రామ్ కాగితం తీసి, తన ముందు పరుచుకుని, మడతలు అరచేత్తో సాపు చేశాడు. ఖాళీ కవరును నాలుగు మడతలు వేసి మార్లిస్‌కి ఇచ్చాడు.

"నేను వంగలేను. ఆ కాలికింద పెట్టు."

మార్లిస్ వంగి పెట్టింది. బల్ల ఊగడం మానింది.

"కోట ముందున్నారు," అంది ఆర్డిస్. "తలుపు మూసి ఉంది. లోపల ఎవరో దగ్గుతున్నారు."

మార్లిస్ చెయ్యి అలవాటుగా బ్రామ్ వైపు పోయింది. ఆర్డిస్ పెన్సిల్‌తో ఆ వేళ్లమీద ఒక్కటేసింది.

"నియమం, వదినా."

"అబ్బా! మర్చిపోయాను, తల్లీ."

డ్వేన్ కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపాడు. బొమ్మను రెండు వేళ్లతో పట్టుకుని, ఒక గడి, ఇంకొక గడి, తీరిగ్గా నాలుగు గడులు నడిపించి తలుపు ముందు నిలబెట్టాడు. మొహం తలుపువైపు ఉండేలా కొంచెం తిప్పాడు కూడా.

"ఎలా ఉంది బల్ల?" అంది ఆర్డిస్.

"అంత చెడ్డగా ఏం లేదు," అన్నాడు. "ఆ దగ్గేది ఎవరో చెప్పు ముందు."