బోరు గోడ మీద మూడు బొమ్మలు

భార్య పైడమ్మ పాత చీర ముక్కను బకెట్ మూతికి బిగించి కట్టి, యేసుపాదం సున్నాన్ని మూడోసారి వడపోస్తున్నాడు. గుడ్డ మీద మిగిలిన గరుకును బొటనవేలితో నలిపి చూస్తాడు. ఇసుక తగిలితే దులిపేస్తాడు, మెత్తగా ఉంటే మళ్లీ లోపలికి తోస్తాడు. సరిహద్దు ఊరు కొంటాలో రంగులు అమ్మే దుకాణాలు నాలుగున్నాయి. కానీ గోడకు పట్టే సున్నం దుకాణంలో దొరకదని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం పుణ్యమా అని పైడమ్మ చీర ఏదీ ముసలితనం చూడలేదు.

అరవై మూడేళ్ల మనిషి. పొట్టి, సన్నం. నలభై ఏళ్లు చెయ్యి పైకెత్తి రాయడం వల్ల కుడి భుజం ఎడమదాని కంటే నాలుగు వేళ్లు ఎత్తుగా ఉంటుంది, చొక్కా ఎప్పుడూ ఒక పక్కకు జారి కనిపిస్తుంది. గోళ్ల సందుల్లోని నీలిరంగు ఏ సబ్బుకూ లొంగదు. ఊళ్లో పిల్లలు ఆయన్ని ‘గోడ తాత’ అంటారు. సర్కారు కాగితాల్లో మాత్రం ఆయనకు పేరు లేదు, ‘వాల్ రైటింగ్’ అనే ఖర్చు ఉంది, అంతే.

రెండు రోజులుగా ఎడమవైపు రొమ్ము పట్టేసినట్టు ఉంది. గ్యాసని వాము నములుతున్నాడు.

"ఊరందరి రోగాలకూ గోడలు రాసినవ్. నీ ఒంటి గురించి ఒక్క గోడన్నా రాసుకున్నవా?" అంది పైడమ్మ. "ముందు ఆస్పత్రికి పోయిరా."

"రేపు పోతలే."

రేపటి మాట పైడమ్మకు కొత్త కాదు. మూతి తిప్పుకుని టిఫిన్ డబ్బా సంచిలో పెట్టింది.

రాయాల్సింది ఫోన్‌లోనే వచ్చింది. బ్లాకు ఆఫీసులో పనిచేసే అభిషేక్ కాగితాన్ని ఫోటో తీసి పంపాడు. ‘పాము కరిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి’ అని నాలుగు లైన్ల హిందీ. కింద అంగన్‌వాడీ ఉన్న ఊరి పేరు. పంపిన వెంటనే ఫోన్ కూడా చేశాడు.

"చాచా, ఇదే లాస్ట్ గోడ. ఇకనుంచి సబ్ ఫ్లెక్స్ హీ ఫ్లెక్స్."

"మంచిదే బేటా," అన్నాడు యేసుపాదం. మంచిది కాదని ఇద్దరికీ తెలుసు.

ఫోన్ పెట్టేసి ఊరి పేరు మళ్లీ చదివాడు. మరైగూడ దాటాక అడవి అంచున ఉన్న పారా, అంటే చిన్న గూడెం, అది. ఇరవై ఆరేళ్లుగా ఆ దిక్కు పని వచ్చినప్పుడల్లా జ్వరమనో, చుట్టాల పెళ్లనో తప్పించుకున్నాడు. ఇది ఆఖరి గోడ. ఇప్పుడు కూడా తప్పించుకుంటే ఇక అక్కడికి పోవడానికి వంక అంటూ మిగలదు. సంచి భుజాన వేసుకుని జీపు ఎక్కాడు.

ఆయన గోడలంటే ఈ తాలూకాలో చిన్న బడి లాంటివి. తోకచుక్క వస్తే అరిష్టం కాదని తొలి గోడ రాశాడు, అప్పటికి ఇరవై నాలుగేళ్లు. గ్రహణం రోజు అన్నం తినొచ్చని ఊరూరా రాసి, ఆ రోజు పైడమ్మ పొయ్యి వెలిగించనందున సాయంత్రం దాకా తానే పస్తున్నాడు. అయోడిన్ ఉప్పు గోడ మీద మెడ వాచిన మనిషిని వేస్తే, అది అచ్చం నా మొహమేనని తునికాకు కాంట్రాక్టరు కొట్టడానికొచ్చాడు. దోమతెరలు, నీళ్లు కాచుకోవడం, టీకాలు, మొన్నటి కరోనాలో దుకాణాల ముందు సున్నపు వలయాలు, అన్నీ ఆయన చేతి మీదుగా నడిచినవే. ఏ సైన్సూ ఆయన బళ్లో చదువుకోలేదు. ఎనిమిదో తరగతి దగ్గరే ఆగిపోయాడు. కానీ ఆఫీసు కాగితంలో అర్థం కాని మాట ఉంటే నర్సు దగ్గరికి పోయి అడిగేవాడు, ఆమె విసుక్కున్నా అర్థమయ్యేదాకా కదిలేవాడు కాడు. ఇలాంటి మనిషికి ఒక జీతం, ఒక కుర్చీ ఇవ్వాలని ఎవరికీ తోచకపోవడం నాకు ఇప్పటికీ కోపమే.

అంగన్‌వాడీ గోడ దక్షిణం వైపు తిరిగి ఉంది. యేసుపాదం బకెట్ దించాడు గానీ కుంచె ముట్టలేదు. ముందు ఊళ్లోంచి వచ్చేవాళ్లలా తూర్పు నుంచి గోడ దాకా నడిచాడు. తర్వాత వాగు వైపు పోయి, నీళ్లు మోసుకొచ్చేవాళ్లలా పడమటి నుంచి నడిచాడు. ఏ గోడ దగ్గరైనా ఇంతే. చూసేవాళ్లకు వెర్రిగా ఉంటుంది. గుమ్మంలో పప్పు ఏరుతున్న ఆయా చాట పక్కన పెట్టి చూస్తోంది.

యాభై ఏళ్లుంటాయి ఆమెకు. నుదుటి మీద పచ్చబొట్లు, ముడిలో చెక్క దువ్వెన. "నందే అవ్వా!" అని లోపలినుంచి పిల్లలు అరిస్తే, "ఆగుండ్రి!" అని కసిరి, చెంబుతో నీళ్లు తెచ్చింది.

నందే. ఆ పేరు విన్న యేసుపాదం చెంబు అందుకుని, తాగకుండానే కింద పెట్టాడు. ఈ అడవిలో ఇంటికో నందే ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు.

"ఇల్లు ఎక్కడ చెల్లె?"

"బోరు కాడ."

యేసుపాదం గోడ వైపు తిరిగి సున్నం పూసి, అది ఆరనిచ్చాడు. తాడును నీలంలో ముంచి గోడకు బిగలాగి వదిలాడు. తిన్నగా పడ్డ అడ్డగీత నుంచి హిందీ అక్షరాలు ఒక్కొక్కటే వేలాడదీశాడు. మధ్యాహ్నానికి నాలుగు లైన్లు అయ్యాయి. అవి ఆఫీసు కోసం. ఈ పారాలో హిందీ చదివేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అసలు పని ఆ కింద ఉంది. ఏ గోడకైనా అడుగున మూడడుగుల చోటు వదిలి, కాగితంలో లేని బొమ్మ ఒకటి తన సొంతంగా వేస్తాడు.

బొమ్మ వేస్తున్నంతసేపూ ఆ పాత గోడే కళ్లలో మెదిలింది. అప్పట్లో వాంతులు, భేదులు పిల్లల్ని ఎత్తుకుపోతుంటే, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు తాగించమని ఈ ఊరి బోరు గోడ మీదే వేశాడు. మూడు బొమ్మలు. ఎడమన వాడిపోయిన పిల్లాడు. నడుమ గ్లాసుతో తల్లి. కుడిపక్క నవ్వుతున్న పిల్లాడు. బడికి పోయిన కన్ను ఎడమ నుంచే చూస్తుంది కాబట్టి, అందరి కన్నూ అంతేనని అనుకున్నాడు. కానీ ఊరి ఆడవాళ్లంతా వాగు వైపు నుంచి, గోడకు కుడి పక్క నుంచి బోరుకు వచ్చేవాళ్లు. వాళ్లకు ముందు కనిపించింది నవ్వే పిల్లాడు, తర్వాత గ్లాసు, ఆ తర్వాత తల వాల్చిన పిల్లాడు. ఆ నీళ్లు తాగితే పిల్లలు చస్తారని గోడే చెబుతోంది. నర్సు పొట్లాలు ఇస్తే పారేశారు. ఆ వానాకాలం హుంగా అనే రెండేళ్ల పిల్లాడు పోయాడు. తల్లి పేరు నందే అని నర్సు చెప్పింది.

విన్న మర్నాడే వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు రెండు పూతలు సున్నం కొట్టి వెళ్లిపోయాడు యేసుపాదం.

ఈసారి ఒకే బొమ్మ. ఓ మూల చారల పాము, మోటారుసైకిల్ మీద ముగ్గురు. నడిపేవాడు, నడుమ పాము కరిచినవాడు, వాడు పడిపోకుండా వెనక పట్టుకుని ఊరి వడ్డె. మంత్రం వేసే వడ్డే స్వయంగా ఆసుపత్రికి తీసుకుపోతుంటే ఇంక ఎవరాగుతారని ఆయన ఆలోచన. ఏ వైపు నుంచి చూసినా ఒకటే అర్థం వచ్చేలా, బండి ముందుచక్రాన్ని నిజంగా ఆసుపత్రి ఉన్న దిక్కుకే తిప్పాడు. చెయ్యి ఎత్తుతుంటే రొమ్ములో పట్టు ఎక్కువైంది. వాము నోట్లో వేసుకున్నాడు.

అయ్యాక నందేను పిలిచాడు. ప్రతి గోడ దగ్గరా ఎవరినో ఒకరిని అడగనిదే సంచి సర్దడు.

"చెల్లె, ఇదేం చెప్తాంది?"

ఆమె దగ్గరికొచ్చి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చింది. "కట్లపాము కరిసింది. దవాఖానకు తీస్కపోతాండ్రు. ఈ ఎనకున్నోడు ఎవడు?"

"వడ్డె."

"వడ్డెకు ఎర్ర తలగుడ్డ లేదేంది? అది లేకుంటే ఎవడో అనుకుంటరు."

నిజమే. యేసుపాదం తల ఊపాడు. ఆమె గోడ వైపే చూస్తూ, గొంతు పెంచకుండా అంది:

"బోరు గోడ గూడ నువ్వే గదా రాసింది."

ఇరవై ఆరేళ్లుగా ఎన్ని అబద్ధాలు సిద్ధం చేసుకున్నాడో, ఒక్కటీ నోటికి రాలేదు. "నేనే," అన్నాడు.

"తెల్సు. సున్నం కొట్టంగ చూసిన. నా పోరగాడు పోయి నెల గూడ కాలే." ఆమె చేతిలోని చాట అంచును గీకుతోంది. "బొమ్మ తప్పువోతది దాదా, ఎవలికైనా. సున్నం ఎందుకు కొట్టినవ్? తప్పు గీసిన, నీళ్లు తాగియ్యిండ్రి అని ఒక్క మాట చెప్పి పోతే ఏంబోయె? బొమ్మ పోయింది గానీ మాట పోలే. ఇంక రెండేండ్లు ఎవ్వలం తాగియ్యలే. మా పక్కింటి సోమారు బిడ్డ గూడ అట్లనే పాయె."

సోమారు బిడ్డ సంగతి ఆయనకు ఇవాళే తెలిసింది. వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. తడి రంగు వీపంతా అంటుకుంది.

"భయమైంది చెల్లె."

"నాకు కాలేదా?"

లోపల పిల్లలు పళ్లేలు మోగిస్తున్నారు. చాట కింద పెట్టి ఆమె అంది, "తల్లులు వస్తరు ఇప్పుడు. వాళ్లకు చెప్పు."

మూడు గంటలకు తల్లులు వచ్చారు. యేసుపాదం వాళ్ల ముందు నిలబడి చెప్పాడు. ఆ బోరు గోడ బొమ్మ తాను తప్పుగా వేశానని, ఆ నీళ్లు మంచివని, పిల్లలు పోయింది నీళ్లు తాగి కాదు, తాగక అని. తప్పు తెలిసీ దాచానని కూడా చెప్పాడు. పడుచు తల్లులకు ఆ గోడే తెలియదు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక ముసలమ్మ కాండ్రించి ఉమ్మి, మనవణ్ణి లాక్కుని వెళ్లిపోయింది. ఆమె వెళ్లినవైపే చూస్తూ నిలబడిపోయాడాయన. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. అన్నేళ్ల బరువు దిగిందని అనను. దాన్ని మోస్తున్నది తానొక్కడే కాదని మాత్రం ఆ రోజు ఆయనకు తెలిసింది.

చివరి జీపు హారన్ కొట్టింది. తలగుడ్డ వేసే టైము లేదు, చెయ్యి కూడా లేవడం లేదు. ఎర్రమట్టి రంగు కొంచెం కొబ్బరి చిప్పలో కలిపి, పైన టేకాకు కప్పి నందేకు ఇచ్చాడు.

"ఆరనియ్యకు. రేపొచ్చి వేస్త."

"రా," అంది నందే. "పొద్దుగాల్నే రా. జావ కాస్త."

ఆ మాటకు జీపులో దారి పొడుగునా ఆయన మొహం వెలుగుతూనే ఉంది. ఇంటికొచ్చి, చొక్కా వీపు చూసి తిట్టిన పైడమ్మతో, ఇంకో పూట పని మిగిలిందని సంబరంగా చెప్పాడు. తెల్లవారి టీ గ్లాసుతో ఆమె లేపబోతే లేవలేదు.

ఆ కబురు అభిషేక్ ద్వారా నాలుగు రోజులకు పారా చేరింది. నందే విని, లోపలికి పోయి, పిల్లలకు అన్నం పెట్టింది. వడ్డె ఇప్పటికీ తలగుడ్డ లేకుండానే బండి మీద ఉన్నాడు. ఇంకెవరితోనైనా వేయిద్దామని టీచరమ్మ అంటే నందే వినిపించుకోలేదు. అంగన్‌వాడీ కిటికీలో ఆ కొబ్బరి చిప్ప అలాగే ఉంది. అందులోని ఎరుపు ఆరిపోకుండా, ఆమె రోజూ ఆకు తీసి రెండు చుక్కల నీళ్లు పోస్తూనే ఉంది.